అంగి వాసన చూసే అక్క

ఆమె పోయిందని ఆమె తమ్ముడు నాకు చెప్పి పది రోజులైంది. ఈ పది రోజుల్లో ఆమె గురించి ఇంట్లో కూడా ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడితే మొదట ఆమె ముక్కు గురించి చెప్పాలి. ముక్కు గురించి చెప్తే ఆమె పెనిమిటి అంగి గురించి చెప్పాలి. అంగి దాకా వస్తే నా సంగతి చెప్పకుండా తప్పించుకోలేను. అందుకని రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. పక్క గదిలో అన్నాళ్ళుండి కూడా నేనామెను అక్కా అనే పిలిచాను, పేరు పెట్టి రాయడానికి ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను చౌటుప్పల్‌లో ఒక రేకుల గది కిరాయికి తీసుకుని సర్కారు కొలువు పరీక్షలకు చదువుతుండేవాణ్ణి. పొద్దున ఒక ట్యూషన్‌లో లెక్కలు చెప్పి వచ్చి, మిగతా రోజంతా పుస్తకాల ముందు కూర్చునేవాణ్ణి. కూర్చోవడమే తప్ప చదివింది తక్కువ. నోటిఫికేషన్ ఇదిగో అంటారు, రాదు. వస్తే కోర్టుకు పోతుంది. తోటివాళ్ళు ఒక్కొక్కరే ప్లాట్ల బేరాల్లోకి జారుకుంటున్నారు. నేను మాత్రం ఒకే పేజీని మూడు రోజులు తెరిచి పెట్టుకుని, రోడ్డు మీద పోయే లారీల హారన్లు వింటూ ఉండేవాణ్ణి.

గోడకు అవతలి గదిలో ఆమె, ఆమె పెనిమిటి. కోస్గి దిక్కు గొర్లు కాసుకున్న కుటుంబాలు ఇద్దరివీ. మేపే జాగాలు లేక మందను అమ్మేసి ఇటు వచ్చారు. ఆయన మందుల కంపెనీలో కాంట్రాక్టు పనికి కుదిరాడు. పిల్లలు లేరు. ఆమె ఇంట్లోనే నూనెలు కలిపేది. వంట నూనెలు కావు, వాసన నూనెలు. చదువు తలకెక్కనివాళ్ళకు, మనసు కుదురు లేనివాళ్ళకు, ఊరికే ఏడుపొచ్చేవాళ్ళకు కలిపి ఇచ్చేది.

నేను దిగిన వారం రోజులకు నడుం మీద చెయ్యి పెట్టుకుని నా గుమ్మంలో నిలబడింది.

"తమ్మీ, నీ గదిల కెళ్ళి మాగిన ఫికర్ వాసనొస్తాంది. జర నెత్తి వంచు."

ఎందుకు వంచానో తెలియదు, వంచాను. నా నుదురు దగ్గర ముక్కు పెట్టి రెండుసార్లు గాలి పీల్చింది.

"పొద్దటి సంది చాయ్ మీదనే ఉన్నవు. నిద్ర లేదు. భయం శాన ఉంది. గిసొంటి నెత్తికి సదువు ఎట్లెక్కుతది?"

ఆ మాత్రం నా ముఖం చూసిన ఎవరైనా చెప్తారు కదా అనుకున్నాను. అయినా ఆమె వెనకాలే పోయాను.

రేకు పెట్టెలో పది పన్నెండు సీసాలు. అచ్చంపేట దిక్కు నుంచి తెప్పించిన నిమ్మగడ్డి నూనె, నీలగిరి తైలం, దవనం, మరువం, వట్టివేళ్ళ అత్తరు, కర్పూరం. సీసా మూతి దగ్గర ముక్కు పెట్టనిచ్చేది కాదు. చీపురుపుల్ల కొసను నూనెలో ముంచి, దూది మీద తాకించి, ముఖానికి జానెడు దూరంలో ఆడించేది. ఒక వాసనకూ ఇంకో వాసనకూ మధ్య పక్కనున్న పాత గొంగడిలో ముఖం దాచుకుని మూడు ఊపిర్లు తీసేది. అప్పుడు ఎవరు పలకరించినా జవాబు ఉండదు. "ముక్కు కడుక్కుంటున్న" అనేది తర్వాత. గొంగడి వాసనకు ముక్కు మళ్ళీ ఖాళీ అవుతుందని ఆమె లెక్క. నాకు నిమ్మగడ్డి ఎక్కువ, మరువం తక్కువ, నీలగిరి ఉండీ లేనట్టు వేసి, నువ్వుల నూనెలో కలిపి ఇచ్చింది.

"సదివేటప్పుడే వాసన జూడు. ఊకె జూస్తె ముక్కు మొద్దువారుతది. పుస్తకం తెరిస్తె సీసా తెరువు, పుస్తకం మూస్తె సీసా మూయి. పరీక్షనాడు రుమాలుకు జర రాసుకొని పో. నీ దిమాక్‌కు యాదికొస్తది."

పనిచేసిందా అంటే, చేసింది. నూనె చేసిందో, మధ్యలో వచ్చి "సీసా మూత దీసి ఊకె గూసున్నవేంది?" అని ఆమె తిట్టే తిట్లు చేశాయో చెప్పలేను. రెండో నెలకు రోజుకు ఆరేడు గంటలు కదలకుండా చదవగలిగాను.

ఆమె దగ్గరికి రకరకాల మనుషులు వచ్చేవాళ్ళు. పదో తరగతి పిల్లలు, లారీ డ్రైవర్లు, బ్యాంకులో పనిచేసే ఒకామె. అందరికీ ఇచ్చేది కాదు. ఒకసారి ప్లాట్లమ్మే ఆయన కారులో వచ్చాడు. వాళ్ళ వెంచరు పక్కనే కంపెనీ కాలువ పారుతుంది. ఆదివారం కొనేవాళ్ళు వచ్చే సమయానికి ఆ కంపు తెలియకుండా గుడారంలో చల్లడానికి డబ్బా నిండా నూనె కావాలన్నాడు. ఆమె చేతిలో ఉన్న చీపురుపుల్ల విరిచి పారేసింది.

"వాసనను దాసే నూనె నేను చెయ్య. వాసనున్న కాడ ఉండాలె. అది దాస్తె మంద మందే పోతది. పో బిడ్డా, నడువు."

ఆమె అంత కోపంగా మాట్లాడడం నేను చూడడం అదే మొదటిసారి. గొర్లు కాసేటప్పుడు సాయంత్రం మంద దొడ్డికి చేరగానే ఒక్కో గొర్రె మూతి వాసన చూసి లోపలికి వదిలేదట. ఏం మేసిందో, ఏ నీళ్ళు తాగిందో, రోగం దిగుతోందో వాసనకే తెలిసిపోయేదట. ఈ సంగతి బావే చెప్పాడు. ఆమె నన్ను తమ్మీ అంటుంది కాబట్టి ఆయన నన్ను బామ్మర్దీ అని పిలిచి ఆట పట్టించేవాడు.

"గొర్లు వోయినయ్ బామ్మర్దీ. ఇప్పుడు మీ అక్కకు గొర్రెను నేనే."

నిజంగానే అంతే. ఆరు గంటలకు కంపెనీ బస్సు దిగి బావ వచ్చేవాడు. గుమ్మం దాటక ముందే ఆమె ఆయన అంగి విప్పించి, కాలరు, చంకలు, చేతుల అంచులు ఒక్కొక్కటే వాసన చూసేది. ఆ సమయంలో నేను పోపు పెట్టకూడదు, అగరుబత్తీ వెలిగించకూడదు. ఆమె తలలో పువ్వు పెట్టేది కాదు, అంగిని వాసన సబ్బుతో ఉతికేది కాదు. చూడడం అయ్యాక ఒకే మాట వచ్చేది. "మంచిగనే ఉంది" అంటే మర్నాడు పనికి పోవచ్చు. "తియ్యగుంది" అంటే పోగూడదు. ఆమె తియ్యగుందన్నది బెల్లంలా కాదు, మురిగిన పండులా. ఏదో డ్రమ్ము కడిగిన రోజు అలా వచ్చేది. ఆ మర్నాడు బావ నాగా పెట్టి, అరుగు మీద కూర్చుని బీడీ కూడా తాగనివ్వని పెళ్ళాన్ని నవ్వుతూ తిట్టేవాడు.

గాలి కంపెనీ దిక్కు నుంచి మళ్ళిన రోజుల్లో ఆమె వాకిట్లోకి వచ్చి, తల ఎత్తి నిలబడేది. మాకింకా ఏమీ తెలిసేది కాదు. "పిల్లల్ని లోపటికి పిలువుండ్రి" అనేది. కాసేపటికి కుక్కలు లేచి రోడ్డు దిక్కు పోయేవి. ఆ తర్వాత మాకు గొంతులో గరగర మొదలయ్యేది. బోరు నీళ్ళు బకెట్‌లో పడితే నురగ కట్టి ఎంతసేపటికీ విరిగేది కాదు. మా వాడ పది ఇళ్ళకూ ఆమె ముక్కే కాపలా. ఒక మనిషి ముక్కు మీద ఇంతమంది బతకడం సరి కాదని నాకు అప్పుడు తోచలేదు, పైగా హాయిగా ఉండేది.

మూడో ఏడు కాంట్రాక్టరు బావను పిలిచి చెప్పాడు. దసరా దాకా నాగా లేకుండా వస్తే పర్మినెంటు చేయిస్తాడు. ఒక్క నాగా పెట్టినా గేటు బయటే. బావ ఇంట్లో ఈ మాట చెప్పలేదు. పనిలో మనసు కుదురుండడం లేదు, నిద్ర పట్టడం లేదు, తనకూ ఒక నూనె కలిపియ్యమని మాత్రం ఆమెను అడిగాడు.

ఆమె సంబరం చూడాలి. అన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆమె నూనె అడగలేదట. రెండు రోజులు కూర్చుని కలిపింది. దవనం, వట్టివేరు, పైన నిమ్మగడ్డి. కణతలకు, కాలరుకు రాసుకోమంది. వారానికి ఆయన మళ్ళీ వచ్చి, "జర గాటుగ జెయ్యి, పనిల వడితె వాసన నిలుస్తలేదు" అన్నాడు. ఆమె కర్పూరం పెంచింది. ఇంకో నెలకు మళ్ళీ పెంచింది. "మీ బావకు నా నూనె వట్టింది తమ్మీ" అని నాతో రెండు మూడుసార్లు అని ఉంటుంది. అప్పటి నుంచి రోజూ అంగి వాసన చూసి "మంచిగనే ఉంది" అనేది.

ఒక సాయంత్రం నేను ట్యూషన్ పిల్లల కాగితాలు జిరాక్సు తీయించి వస్తుంటే, బస్సు దిగే చోట పాన్ డబ్బా వెనక బావ కనిపించాడు. సీసా మొత్తం అరచేతిలో వంపుకుని కాలరుకు, చంకలకు, చేతుల అంచులకు పట్టిస్తున్నాడు. సరిగ్గా ఆమె వాసన చూసే చోట్లే. నేను దగ్గరికి పోయేసరికి ఆ నిమ్మగడ్డి ఘాటు కింద నుంచి మురిగిన పండు వాసన వచ్చింది.

నన్ను చూసి బావ నవ్వాడు. దొరికిపోయిన నవ్వే కానీ సిగ్గు లేదు.

"తల్లి సచ్చిన పిల్లను ఇంకో గొర్రె రానియ్యదు బామ్మర్దీ, ఎరికేనా? పిల్ల వోయిన గొర్రె ఉంటది సూడు, ఆ సచ్చిన పిల్ల తోలు దీసి దీనికి కడ్తం. గొర్రె వాసన జూస్తది. నా పిల్లనే అనుకొని పాలిస్తది. గా కట్టుడు మా దాంట్ల మీ అక్కంత మంచిగ ఎవ్వలకు రాదు. ఆమె దగ్గర్నే నేర్సిన."

"అక్కకు చెప్పు బావా. ఇది మంచిది కాదు."

"చెప్తె ఆపుతది. ఆపితె పనివోతది. పనివోతె మల్ల గొర్లు లేవు, జాగా లేదు, యాడికి వోవాలె? దసరా దాంక ఆగు. పర్మినెంటు గాంగనె నేనే చెప్త. నువ్వు నోరు తెరిస్తె మాత్రం నా మీద ఒట్టు."

నేను నోరు తెరవలేదు. ఒట్టు కోసం కాదు. నా పరీక్ష తేదీ వచ్చి ఉంది. పక్క గదిలో గొడవ జరిగితే, ఏడుపులు వినపడితే, వాళ్ళు గది ఖాళీ చేసి పోతే నా చదువు ఏమవుతుందని ఆలోచించాను. నా సీసాలో నూనె కూడా అడుగంటింది, పరీక్ష దాకా ఆమె మళ్ళీ కలిపి ఇవ్వాలి. ఇంత నీచంగా ఆలోచించానని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

ఆ తర్వాత ప్రతి సాయంత్రం బావ నా కిటికీ ముందు నుంచి పోయేటప్పుడు నాకు ఆ వాసన వచ్చేది. ఒకసారి తెలిశాక ఇక తెలియకుండా ఉండదు. నేను కిటికీ మూసి, సీసా మూత తీసి చదువుకునేవాణ్ణి. గోడ అవతల "మంచిగనే ఉంది" అనే మాట వినపడేది. బావ నవ్వడం తగ్గింది. వచ్చీ రాగానే పడుకునేవాడు. ఆదివారం మటన్ వండితే రెండు ముద్దలు తిని కంచం జరిపేసేవాడు. ఆమె మాత్రం, "ఎంత నిమ్మళమైండో సూడు తమ్మీ, ఇంతకు ముందు ఒక్క కాడ గూసునేటోడు కాదు" అని మురిసిపోయేది. నేను తల ఊపేవాణ్ణి. ఒక్కసారి, వాకిట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, "అక్కా, బావ..." అని మొదలుపెట్టాను. ఆమె తిరిగి చూసింది. "బావ సన్నబడ్డట్టుంది" అన్నాను. "పనిమంతుడు లావెట్లుంటడు?" అని నవ్వింది. అక్కడితో ఆగిపోయాను.

దసరాకు పర్మినెంటు కాలేదు. సంవత్సరం చివర అన్నాడట కాంట్రాక్టరు. ఒక పొద్దున బావ లేచి గోడ పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. పట్నం దవాఖానకు తీసుకుపోయాం. లివరు నెలల నుంచి చెడిపోతూ వస్తోందని, ఇన్నాళ్ళూ ఇంట్లో ఎవరికీ ఎలా తెలియలేదని డాక్టరు అడిగాడు. ఆమె డాక్టరు ముఖాన్ని కాదు, బావ పక్క మీది దుప్పటిని చూస్తూ నిలబడింది. మూడు వారాలకు బావ పోయాడు. ఆ మూడు వారాల్లో ఆయన ఆమెకు ఏమీ చెప్పలేదు. నన్ను చూసినప్పుడు మాత్రం కళ్ళు పక్కకు తిప్పుకునేవాడు.

దినాలు అయ్యాక ఆమె నా గదికి వచ్చింది. నెత్తి వంచమనలేదు. కింద కూర్చుంది. చేతిలో బావ ఆఖరి అంగి ఉంది, ఉతకలేదు.

"తమ్మీ, ఒక్క మాట అడుగుత. అబద్ధం ఆడకు. నా నూనె కింద వాసన దాక్కున్నాదా? నేను రోజు జూసిన. నాకు రాలే. నువ్వు పక్కన్నే ఉన్నవు గదా. నీకేమన్న ఒచ్చిందా?"

అప్పుడు ఆమె దాదాపు అంతా పట్టేసింది. నేను అవును అంటే మిగిలింది కూడా తెలుసుకునేది. తన నూనెతోనే తన మనిషి తనను గొర్రెను మోసం చేసినట్టు మోసం చేశాడని, నేను చూసి ఊరుకున్నానని. ఆమె గుండె ఆగిపోతుందనిపించింది. ఆమెను కాపాడుతున్నానని అనుకున్నాను. అందులో నన్ను నేను కాపాడుకోవడం ఎంతో అప్పుడు లెక్క చూసుకోలేదు.

"లేదక్కా. నాకూ ఏ వాసనా రాలేదు."

ఆమె నా ముఖం చాలాసేపు చూసింది. అంగిని మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితె నా ముక్కు మంచిదే" అంది మెల్లగా. "గా విషానికే వాసన లేదు."

నాకు ఊరట కలిగింది. ఆ మాటలో ఏముందో నాకు అర్థం కాలేదు. నెల తిరగకుండా ఆమె సీసాలన్నీ ఎవరెవరికో పంచేసి కోస్గిలో తమ్ముడి దగ్గరికి పోయింది. నేను పరీక్ష పాసయ్యాను. రుమాలుకు ఆమె నూనె రాసుకునే పోయాను.

ఉద్యోగంలో అక్కడా ఇక్కడా తిరిగి, రెండేళ్ళ కింద కోస్గి మున్సిపల్ ఆఫీసుకు వచ్చాను. ఆమె ఉండే వాడ ఆఫీసుకు పది నిమిషాల నడక. ఈ రెండేళ్ళలో ఒక్కసారి కూడా పోలేదు. రేపు పోదాం అనుకుంటూ, బజారులో ఎదురుపడుతుందేమో అని ఆ దిక్కు కూరగాయలకు కూడా పోవడం మానేశాను.

పది రోజుల కింద ఆమె తమ్ముడు మరణ ధ్రువీకరణ పత్రం కోసం నా టేబులు ముందుకు వచ్చాడు. బావ చావుకు వచ్చినప్పుడు చూసిన మనిషే, గుర్తుపట్టి కూర్చోమన్నాను. ఏమైందని అడిగాను.

"బీపీ సార్. నెత్తిల నరం పగిలింది. గోళీలు ఇంట్లనే ఉండె, ఒక్కటి మింగలే. వాసన జూసుడు, కింద వెట్టుడు. ‘దీనికి వాసన లేదు, నేను మింగ’ అనేది. గోళీలే కాదు. ఫిల్టర్ నీళ్ళు తాగకపోయేది, వాసన లేదని. బావి నీళ్ళు దెస్తె తాగేది. కిటికీ తెరవనియ్యకపోయేది. గాలికి వాసన లేకుంటె ఇంకా ఎక్కువ భయపడేది. మూలకు గొంగడి కప్పుకొని గూసునేది. మా పిల్లలు మంచిగ స్నానం జేసి దగ్గరికి వోతె ఏడ్సేది సార్, మీకు వాసన లేదేందిరా అని."

అతను టవల్‌తో ముఖం తుడుచుకున్నాడు.

"దవాఖానకు గూడ తీస్కవోయిన. గట్ల లేదక్కా, వాసన లేనియన్ని విషమైతయా అని ఎంత చెప్పినా ఇనలే. ‘చౌటుప్పల్ల నా తమ్ముడొకడు ఉండె, వాడు అబద్ధమాడడు, వాని ముక్కుకు గూడ రాలేదట’ అనేది. మీరే గదా సార్ ఆ తమ్ముడు?"

నేనేనన్నాను. ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల వేళ. చుట్టూ ఎవరూ లేరు. ఎలా వచ్చిందో, నోట్లోంచి నిజం వచ్చేసింది. పాన్ డబ్బా వెనక చూసింది, అంగి, గొర్రెపిల్ల తోలు మాట, అన్నీ చెప్పాను. ప్రతి సాయంత్రం నాకు ఆ వాసన వచ్చేదని చెప్పాను. అతను అరవలేదు. తిట్టినా బాగుండేది. దరఖాస్తు కాగితం మీద చెయ్యి పెట్టి, దాన్ని రెండుసార్లు సాఫు చేశాడు.

"గీ మాట ఆమెకు చెప్పుంటె, గోళీలు మింగేదా సార్?"

మింగేది. విషానికి వాసన ఉందని, తన ముక్కు అబద్ధం చెప్పలేదని, దాచింది మనిషేనని తెలిస్తే ఏడ్చేది, నన్ను తిట్టేది, బావనూ తిట్టేది, ఆ తర్వాత గోళీ మింగేది. అది నాకు నా పేరు తెలిసినంత బాగా తెలుసు.

"ఏమో, చెప్పలేం" అన్నాను.